అప్పు రేపు

‘ది సింప్సన్స్’ అనే అమెరికా బొమ్మల సీరియల్‌కు కథలు రాసే గదిలో కూర్చునే అయ్యలకూ అమ్మలకూ,

నెల్లూరు జిల్లా కావలిలో, ట్రంకు రోడ్డు పక్క సందులో కిరాణా కొట్టు నడుపుకునే ఒక ఆడమనిషి నమస్కారాలు పెట్టి రాసుకునేది.

తెలుగులోనే రాస్తున్నా. మీకు అర్థం కాదని తెలుసు. మీ సీరియల్లో ఒక ఇండియా కొట్టతన్ని పెట్టి ముప్పై ఏళ్లు మా వాళ్ల మాటను మీ నోటితో మాట్లాడారు గదా, ఒక్కసారి మా నోటి మాట ఎట్టా ఉంటుందో ఎవరినన్నా పట్టుకుని చదివించుకోండి. మీ దేశంలో తెలుగు వచ్చినోళ్లకు కొదవలేదు. మీ స్టూడియో దగ్గర పెట్రోలు బంకులో అడిగినా దొరకొచ్చు.

మా కొట్లో గల్లాపెట్టె పైన ఒక అట్టముక్క వేలాడుతుంటుంది. ‘అప్పు రేపు’ అని మా ఆయన స్కెచ్ పెన్నుతో రాసి కట్టాడు. రేపొచ్చి అడిగినా అదే అట్ట, అదే మాట. తెలుగు దేశంలో ఏ కొట్టుకు పోయినా ఇట్టాంటిది ఒకటి కనబడుతుంది. అట్ట అట్టా ఉన్నా అరువులు మాత్రం ఆగవు. ఈ చుట్టుపక్కల పల్లెల్లో రైతు చేతికి డబ్బులొచ్చేది వడ్లు అమ్ముకున్నాకే. పుట్టి ఎంతకు పోయిందో తెలిసేదాకా (మా జిల్లాలో పుట్టి అంటే 850 కేజీలు) ఉప్పూ పప్పూ చింతపండూ అన్నీ పద్దు పుస్తకంలోనే నడుస్తాయి. ఆ అట్ట కొత్త మొహాలకీ, ఎగ్గొట్టే మొహాలకీ. దాన్ని ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, మీరు 2018 ఏప్రిల్ 8న వేసిన కథ నాకు అర్థమైంది ఆ అట్టముక్క వల్లే.

ముందు మీ సీరియల్ మా ఇంటికెట్టా వచ్చిందో చెప్పాలి. మా అమ్మాయి ఎంఎస్ చదవడానికి మీ దేశం వచ్చింది. బ్యాంకులో చదువు అప్పు తీసుకుని వచ్చింది. కాలేజీ ఆవరణలోనే ఒక చిన్న కొట్లో సాయంత్రాలు గల్లా దగ్గర నిలబడేది. సరుకు తీసుకున్న పిల్లల్లో కొందరు పోతా పోతా గొంతు మార్చి, ముక్కుతో సాగదీసి ‘థ్యాంక్యూ, కమ్ అగైన్’ అని నవ్వుకునే వాళ్లట. ఆ మాట చెప్పాల్సింది అమ్మేవాళ్లు గదా, కొనేవాళ్లెందుకు అంటున్నారబ్బా అని దీనికి కొన్నాళ్లు అంతు పట్టలేదు. కొట్లో పనిచేసే ఇంకో పిల్ల చెప్పింది, అది ఒక బొమ్మల సీరియల్లో ఇండియా కొట్టతను చెప్పే మాటని. అతని పేరు అపు. ఫోన్లో ఆ పేరు చెబితే నేను పడీ పడీ నవ్వాను. పకారానికి ఒత్తు ఒక్కటి పెడితే మా అట్టముక్క మీది మాటే. ‘ఏందిమే, అమెరికాలో కొట్టోడి పేరే అప్పా?’ అన్నాను. అది మాత్రం నవ్వలేదు.

ఆ మాట గురించి ఒకటి చెప్పి ముందుకు పోతా. మా వైపు గడప దాటేవాళ్లు ‘పోతా’ అనరు. అనకూడదు. ‘వస్తా’ అంటారు. సాగనంపేవాళ్లు ‘వెళ్లిరండి’ అంటారు, అంటే పోయి మళ్లీ రండి అని. మీకు ముప్పై ఏళ్లు నవ్వు పుట్టించిన ‘మళ్లీ రండి’ మాకు మర్యాద. మీరు దాన్ని రాసేటప్పుడు ఇదంతా తెలిసి రాశారని నేననుకోను. చీకట్లో విసిరిన రాయి సరిగ్గా మా ఇంటి గడపకే తగిలింది.

చదువైపోయి ఇంటికొచ్చినప్పుడు అమ్మాయి టీవీకి నెట్టు తగిలించి, అపు వచ్చే కథలన్నీ ఏరి నాకు చూపించింది. నాలుగు రాత్రులు చూశాం. అది ఇంగ్లీషు చెప్పేది, నేను మధ్యలో ఆపి అడిగేదాన్ని. 1989 నుంచీ ఒక్క ఇల్లు, ఒక్క సోఫా, వయసు పెరగని పిల్లలు. అయినా విసుగు రాలేదు. ఆ ఇంటాయన పేరు హోమర్. హోమర్‌లాంటి మొగుళ్లు మా సందులోనే నలుగురున్నారు, వాళ్ల పెళ్లాల పద్దులు నా దగ్గరే ఉన్నాయి. కాబట్టి నేను మీ సీరియల్ మీద కక్షతో రాయడంలేదని ముందే అనుకోండి.

1996లో మీరొక కథ వేశారు. ఊళ్లో పన్నులు పెరిగాయని జనం గోల చేస్తే, మేయరు ఆ నెపం వలస వచ్చినవాళ్ల మీదికి తోస్తాడు. అపును దేశం నుంచి పంపేసే పరిస్థితి వస్తుంది. అందులో తెలిసింది, అపు చదువుకోడానికి వచ్చాడనీ, కంప్యూటర్లలో డాక్టరేటు చేశాడనీ, చదువు అప్పు తీర్చుకోడానికి కొట్లో చేరాడనీ, ఆ తర్వాత మనుషులు అలవాటై ఉండిపోయాడనీ. అప్పు తీర్చడానికి గల్లా దగ్గర నిలబడిన అపు! నా పక్కన కూర్చున్న పిల్ల కథ కాదా అది? పౌరసత్వం పరీక్షలో అంతర్యుద్ధానికి కారణం చెప్పమంటే అతను లోతుగా మొదలుపెడతాడు. అడిగినాయన ఆపి, బానిసత్వం అని ఒక్క ముక్క చెప్పు చాలంటాడు. అక్కడ నవ్వింది మేము. నవ్వించుకున్నది మీ దేశం. అట్టా రాయడం మీకు చేతనవును, అదే నా ఫిర్యాదు.

1994 కథ వేరు. అందులో అపు చెడిపోయిన మాంసం అమ్ముతాడు, తేదీలు దాటిన సరుకు అంటగడతాడు, హోమర్ ఆసుపత్రి పాలవుతాడు. మా అమ్మాయికి యాస గుచ్చుకుంది. నాకు ఎక్స్‌పైరీ డేటు గుచ్చుకుంది. ఎవరి బాధ వాళ్లది. యాసను వెక్కిరిస్తే ఇంటికొచ్చి మర్చిపోవచ్చు, కొట్టువాళ్లందరూ పుచ్చు సరుకు అమ్మేవాళ్లనే పేరు పడితే బోణీ కూడా కాదు. ఆ కథ చివర్లో దొంగ తుపాకి పేలిస్తే అపు అడ్డం పడతాడు. బతుకుతాడు. ఎట్టా అంటే, ఆ తూటా ఇంతకు ముందు దోపిడీలో ఛాతీలో దిగి ఉండిపోయిన ఇంకో తూటాకు తగిలి పక్కకు పోయిందట. మీకది జోకు. అమెరికాలో కొట్లో పనిచేస్తున్న తెలుగు పిల్లల మీద కాల్పులని పేపర్లో వచ్చిన రోజుల్లో ఈ ఊళ్లో ఎన్ని ఇళ్లలో అన్నం వండరో మీకు తెలీదు. నేను రిమోట్ అడిగి టీవీ ఆపేశాను. ఆ రాత్రి ఇక చూడలేదు.

ఇక అసలు కథకొస్తా. మీ ఇరవైతొమ్మిదో సీజన్లో పదిహేనోది. అపు బొమ్మ మా వాళ్లను వెక్కిరిస్తోందన్న గొడవ లేచాక వేసింది.

ఇంట్లో అందరూ ఫోన్లలో తలలు దూర్చుకుని ఉంటే హోమర్ భార్య మార్జ్ విసిగిపోయి, వాళ్లను పుస్తకాల షాపుకు లాక్కుపోతుంది. అక్కడ తను చిన్నప్పుడు ప్రాణంగా చదువుకున్న పుస్తకం దొరుకుతుంది. రాత్రి కూతురు లీసా పక్కన కూర్చుని చదవబోతే నోరు తడబడుతుంది. పేజీ పేజీకీ వేరే దేశాల వాళ్లను, పనివాళ్లను కించపరిచే రాతలు. చిన్నప్పుడు తగలని ముళ్లు బిడ్డకు చదివి వినిపించేటప్పుడు తగిలాయి. ఇంత మంచి ఎత్తుగడ చూసి చాలారోజులైంది. తల్లి అయిన ప్రతి మనిషికీ అది తెలుసు. మనం పాడుకున్న పాటనే పిల్లకు నేర్పబోతే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. మార్జ్ కూర్చుని ఆ పుస్తకాన్ని తిరగరాస్తుంది. నాయిక ఇప్పుడు అన్నీ తెలిసిన, ఏ తప్పూ చేయని పిల్ల. లీసా విని, ఇది మొదట్లోనే బాగుపడిపోయింది, ఇక కథెక్కడుంది అంటుంది. మరి నన్నేం చేయమంటావంటుంది మార్జ్.

ఇంతదాకా మీకు నూటికి నూరు మార్కులు. పాత పుస్తకాన్ని ఏం చేయాలన్నది నిజమైన ప్రశ్న. ఉన్నదున్నట్టు చదవలేం, కడిగేస్తే చప్పిడి పథ్యం అవుతుంది.

అప్పుడు లీసా కెమెరా వైపు తిరిగింది. ఎన్నో ఏళ్ల క్రితం మొదలై, చప్పట్లు కొట్టించుకుని, ఎవరినీ నొప్పించనిది ఇప్పుడు తప్పయిపోయింది, ఏం చేస్తాం? అంది. పక్కన బల్ల మీద అపు ఫోటో. దాని మీద లీసా అన్న బార్ట్ పాత ఊతపదం రాసి ఉంది, కంగారు పడొద్దని అర్థమట, అందులో ఆవు పేరుంది. ఆవును మొక్కేవాడి ఫోటో మీద ఆవు! ఆ తెలివికి మాత్రం నవ్వొచ్చింది, అబద్ధమెందుకు. తర్వాత మార్జ్, కొన్నిటి సంగతి తర్వాత చూస్తారు అంటుంది. ‘చూస్తే’ అని తేలుస్తుంది లీసా.

మా అమ్మాయి ఇది తెలుగులో చెప్పి ఆగింది. నేను తలుపు సందులోంచి కొట్లోకి చూశాను. చీకట్లో అట్టముక్క ఊగుతోంది. అప్పు రేపు. మీరు మార్జ్ నోట పలికించింది మా ఆయన స్కెచ్ పెన్ను రాతే. కాకపోతే మా అట్ట కింద పద్దు పుస్తకం ఉంటుంది, ఎవరికెంత బాకీయో అందులో ఉంటుంది. మీ అట్ట కింద ఏముంది?

నొప్పించనిది అన్నారు. ఎవరిని? చప్పట్లు కొట్టింది ఎవరు? ఆ మాట చెప్పాల్సింది కాలు తొక్కించుకున్నవాడు గదా, తొక్కినవాడెట్టా చెబుతాడు? అదైనా హోమర్‌తో అనిపించి ఉంటే పోనీలే అనుకునేదాన్ని, వాడు అట్టాగే మాట్లాడతాడు. బార్ట్ అన్నా సరే. లీసా చేత అనిపించారు. 1995లో ఆ పిల్ల మాంసం మానేసి, ఇంటాబయటా వెక్కిరింతలు పడి కుమిలిపోతుంటే, కొట్టు మేడ మీది తోటకు తీసుకుపోయి ఓర్పు నేర్పింది ఎవరు? అపు. తాను పాలు కూడా ముట్టనని, అయినా ఎదుటివాళ్ల తిండిని తిట్టకుండా బతుకుతున్నానని చెప్పింది అతనే. ఆ మేడ మీద నేర్చుకున్న పాఠంతో బతుకుతున్న పిల్ల, అతని ఫోటో పక్కన కూర్చుని భుజాలెగరేసింది. మీ సీరియల్ మీకే గుర్తులేదా అని నాకు అనుమానం.

మీ కొట్టు ముందుకొచ్చి బాకీ అడిగినతను హరి కొండబోలు. న్యూయార్కులో పుట్టిన కామెడీ మనిషి, అమ్మానాన్నలు ఆంధ్ర నుంచి వెళ్లినవాళ్లు. ఇంటిపేరు వినగానే మనోడే అని మీకు తెలియకపోయినా మాకు తెలుస్తుంది. 2017 నవంబరులో ‘ది ప్రాబ్లమ్ విత్ అపు’ అని డాక్యుమెంటరీ చేశాడు. అతను మీ సీరియల్ అంటే చిన్నప్పటి నుంచీ ఇష్టపడేవాడే. ఇష్టమున్న గిరాకీయే సరుకులో రాళ్లున్నాయని చెబుతాడు, ఇష్టం లేనివాడు పక్క కొట్టుకు పోతాడు. దానికి మీ జవాబు లీసా భుజాలు. సీరియల్ పుట్టించిన మ్యాట్ గ్రోనింగ్ గారైతే ఆ నెలలోనే ఒక పేపరుతో, జనానికి నొచ్చుకున్నట్టు నటించడం సరదా అయిపోయిందన్నారు. రాళ్లున్నాయంటే నీ పళ్లే బాగోలేదన్నట్టు.

చిత్రమేందంటే, అడిగే గొంతు మీ ఇంట్లోనే ఉండింది. 2016లో ‘మచ్ అపు అబౌట్ సమ్‌థింగ్’ కథలో అపు అన్నదమ్ముడి కొడుకు జే వస్తాడు. ఆ గొంతు ఉత్కర్ష్ అంబుద్కర్ అనే ఇండియా మూలాల నటుడిది. నువ్వు వెక్కిరింపు బొమ్మవని అపు మొహం మీదే అంటాడు. ఆ పిల్లాణ్ణి మళ్లీ పిలిచి లీసా ఎదురుగా కూర్చోబెట్టి ఉంటే 2018 కథకు మూడో దారి దొరికేది. పాత పుస్తకం చింపనక్కర్లేదు, కడగనక్కర్లేదు. పక్కన కొత్తది రాయొచ్చు.

‘బొమ్మల కథ కదమ్మా, దానికింత గొడవెందుకు’ అని మా సందులోనే ఒకరిద్దరు అన్నారు. వాళ్లకు చెప్పిందే మీకూ చెబుతా. నేను పుట్టింది కలిగిరి వైపు పల్లెలో. అక్షరాలు నేర్చుకుంది పంతొమ్మిదేళ్లకు, సాక్షరత రాత్రి బడిలో, కిరసనాయిలు దీపం కింద. ఆ వాచకంలో ఒక పాఠముండేది. తాగుడుకు చితికిన ఇంటి ఆడదాని కథ, ఆడవాళ్లు ఒక్కటైతే ఏమవుతుందో చెప్పే కథ. పక్కన దూబగుంటలో 1992లో ఆడవాళ్లు ఆ పాఠం చదివి మూసి పక్కన పెట్టలేదు. పోయి సారా కొట్టు మూయించారు. అది ఊరూరా పాకి 1993లో రాష్ట్రంలో సారా నిషేధం దాకా పోయింది. నాలుగు పేజీల కథ. కథకు బలం లేదని నెల్లూరు జిల్లా ఆడదానికి చెప్పకండి.

అపుకు గొంతిచ్చిన తెల్ల నటుడు హ్యాంక్ అజారియా గారిది వేరే దారి. లీసా మాటలొచ్చిన నెలలోనే ఆయన టీవీలో కూర్చుని, పక్కకు తప్పుకోడానికి సిద్ధమన్నాడు, రాసే గదిలో ఇండియా వాళ్లుండాలన్నాడు. 2020 జనవరిలో మానుకున్నాడు. 2021లో, ఈ దేశంలో ఉన్న ప్రతి భారతీయుడి దగ్గరికీ పోయి క్షమించమని అడగాలనిపిస్తోందన్నాడు. మా దాకా రానక్కర్లేదు. వస్తే టీ ఇస్తాం, అరువుకే. పలికిన నోరు ముందు తగ్గింది, రాసిన చెయ్యి తగ్గలేదు.

ఒక్క విషయంలో నాకూ మా అమ్మాయికీ కుదరలేదు. ఇండియావాడి గొంతు ఇండియావాడే ఇవ్వాలంటుంది అది. నేనట్టా అనలేను. చిన్నప్పుడు మా ఊళ్లో తోలుబొమ్మలాట ఆడేవాళ్లు. తెర వెనక ఇద్దరు ముగ్గురే, తెర మీద రామాయణం మొత్తం. రాముడికీ రావణుడికీ ఒకే గొంతు పలికేది, ఎవరూ తప్పు పట్టలేదు. మధ్యలో జుట్టుపోలిగాడూ బంగారక్కా వచ్చేవాళ్లు, కేతిగాడు దూరేవాడు, మోటు సరసాలకు ముసలాళ్లు కూడా నవ్వేవాళ్లు. అయితే జుట్టుపోలిగాడు ఒకటంటే బంగారక్క రెండనేది. మాటకు మాట, దెబ్బకు దెబ్బ. మీ తెర మీద అపుకు ఆ తిరుగుమాట లేదు. ఇంత పెద్ద ఊళ్లో మా వాళ్లలో గుర్తొచ్చేది వాడొక్కడే, వాడి పాటా ఒక్కటే, ఏళ్ల తరబడి.

అది సరిచేయండిరా అంటే మీరు చేసిందేంది? నోరు కుట్టేశారు. తెల్లవాళ్లు కానివారికి తెల్లవాళ్ల గొంతు వద్దని 2020లో నియమం పెట్టుకున్నారు, సరే. నల్లజాతి పాత్రలకు కొత్త గొంతులొచ్చాయి. కార్ల్‌కు అలెక్స్ డెజర్ట్ వచ్చాడు. మరుసటేడు డాక్టర్ హిబర్ట్‌కు కెవిన్ మైఖేల్ రిచర్డ్‌సన్ వచ్చాడు. అపుకు ఎవరూ రాలేదు. గుంపులో నిలబడి ఉంటాడు, గోడకు తగిలించిన క్యాలెండరులాగా. బాకీ అడిగామని మనిషినే పుస్తకంలోంచి కొట్టేశారు.

ఈ నోరు కుట్టడం గురించి నాకు తెలుసు, నేనూ చేశాను కాబట్టి. మా వీధి చివర రాజస్థాన్ నుంచి వచ్చిన ఒకాయన మిఠాయి కొట్టు పెట్టాడు. తెలుగు కష్టపడి నేర్చుకుని ‘అక్కా, మీరు తిన్నాడా’ అనేవాడు. నేను అందరి ముందూ ఆయన గొంతుతో ‘తిన్నాడు, తిన్నాడు’ అని నవ్వించేదాన్ని. సినిమాల్లో సేటు పాత్రకు నవ్వలేదా, పిసినారి శెట్టి పాత్రకు నవ్వలేదా, మా నెల్లూరు యాస పెట్టి ‘ఏందిబ్బా’ అనిపించినా మేమే నవ్వలేదా, ఇదీ అంతేననుకున్నాను. మీ సీరియల్ చూసిన వారం మా అమ్మాయి మిఠాయిలకు పోయొచ్చి చెప్పింది, నీ పేరెత్తితే ఆయన తలూపుతున్నాడు గానీ మాట్లాడటం లేదమ్మా అని. గుర్తుచేసుకుంటే నిజమే. ఏడాదిగా నాతో చేతిసైగలే. మర్నాడు పోయి అర కేజీ అజ్మీరీ కలాకంద్ అడిగి, ‘నువ్వు తిన్నావా తమ్ముడూ’ అన్నాను. ఇంకా సర్దుకోలేదు. టైం పడుతుంది.

కాబట్టి నేనడిగేది క్షమాపణ కాదు. అపుకు మాట ఇవ్వండి. ఎవరిచేత పలికిస్తారో మీ ఇష్టం, రాసేవాళ్లలో మాత్రం కొట్టు తెలిసినవాళ్లు ఒకరుండాలి. కథలు లేవనకండి. తెల్లారి మొదటి గిరాకీ చెయ్యి మంచిది కాదని బోణీ ఎగ్గొట్టలేక, ఇచ్చి రోజంతా తిట్టుకునే కొట్టు మనిషిని రాయండి. మొగుడికి తెలియకుండా అరువు తెచ్చుకుని, చిల్లరగా తీర్చే ఆడవాళ్లున్నారు. మొగుడు వచ్చి ‘మా ఇంటి పద్దు ఎంత’ అంటే మేం అబద్ధమాడాలి. నలిగిన చీటీ చేతిలో పట్టుకుని వచ్చే పిల్లలున్నారు, చీటీలో లేని చాక్లెట్టు కూడా చీటీలో ఉందంటారు. పంట పోయిన ఏడు కొట్టు ముందు నుంచి కాకుండా చుట్టూ తిరిగి పోయే రైతులున్నారు, వాళ్లను మేమూ చూడనట్టుండాలి. వీటికి యాస అక్కర్లేదు. మీ సీరియల్ ఊరు స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనూ జరుగుతాయి.

ఇంకొకటి, అపు భార్య మంజుల. 1997లో పెళ్లి చేశారు, 1999లో ఒకేసారి ఎనిమిది మంది పిల్లల్ని ఇచ్చారు. పాపం, ఆ తల్లికి ఊపిరి ఆడనివ్వలేదు. ఒక్క రోజు అపును పిల్లల దగ్గర ఇంట్లో పెట్టి, ఆమెను గల్లా దగ్గర కూర్చోబెట్టండి. మా ఆయన పోయిన మూడో రోజు నేను కూర్చున్నాను. తాళం యాడుందో కూడా తెలియదు. హోమర్ వచ్చి డోనట్ తిని ‘రేపిస్తా’ అంటే ఆమె ఏమంటుందో నాకు చూడాలనుంది.

పద్దు పుస్తకంలో మీ పేరు మీద ఒక పేజీ తెరిచాను. తేదీ వేసి, ఒక లీసా మాట, ఒక తూటా జోకు, ఒక నోరు అని రాశాను. చెల్లు వేయడానికి కుడివైపు ఖాళీ వదిలాను.

ఎవరో పిలుస్తున్నారు, కందిపప్పు కావాలంట. వస్తా.

కావలి నుంచి,
కిరాణా కొట్టు అమ్మ